వదిన మా ఇంట్లో ఉన్న తొమ్మిది నెలలు

"మీ వదినకి మాత్రం తెలీకూడదు."

రిపోర్టు వచ్చిన రోజు మా అన్న ఫోన్ చేసి నాతో అన్న మొదటి మాట ఇది. జబ్బు ఎవరికొచ్చిందో వాళ్ళకి తప్ప అందరికీ తెలియొచ్చన్నమాట. నేనూ సరేనన్నాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది గానీ ఆ రోజు అదే మంచి పనిలాగ అనిపించింది. మనిషి భయపడిపోతుంది, తిండి మానేస్తుంది, అన్నీ అయ్యాక మెల్లగా చెప్పొచ్చులే అని అన్నాచెల్లెళ్ళం ఇద్దరం ఫోన్లోనే తీర్మానం చేసేసుకున్నాం.

ఇది 2025 ఫిబ్రవరి సంగతి. వాళ్ళు ఉండేది చిత్తూరులో, గ్రీమ్స్‌పేట దగ్గర. వదిన ఇంటి ముందుగదిలో మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడుతుంది, పెళ్ళిళ్ళ కాలంలో రాత్రి పన్నెండు దాకా ఆ మిషన్ చప్పుడు వీధి చివరికి వినిపిస్తుంది. అన్నది మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పని. నేను తిరుపతిలో, కొర్లగుంటలో ఉంటాను. వదినకి అప్పటికి 46 ఏళ్ళు. ఎడమ రొమ్ములో గడ్డ ఉందని ఆమెకి దీపావళప్పుడే తెలుసు. స్నానం చేస్తుంటే చేతికి తగిలిందట, నొప్పి లేదు కదా అని వదిలేసింది. ఆ నొప్పి లేకపోవడమే మోసం. నొప్పి ఉంటే మన ఆడవాళ్ళు కూడా ఎప్పుడో ఒకప్పుడు డాక్టర్ దగ్గరికి పోతారు. నొప్పి లేని గడ్డ సంక్రాంతి ఆర్డర్లు అయ్యాక చూద్దాం, పెళ్ళి ముహూర్తాలు అయ్యాక చూద్దాం అని వాయిదా పడుతూ పోయింది, మామోగ్రామ్ తీసే వేళకి చంకలో గ్రంథులకి కూడా పాకింది.

ఎనిమిది రోజులు దాచాం. గడ్డలో చీము ఉందేమో అని ఒక పరీక్ష, రక్తం తక్కువగా ఉందని ఇంకో పరీక్ష, నోటికొచ్చిన అబద్ధం చెప్పాం. తొమ్మిదో రోజు ఆమే నాకు ఫోన్ చేసింది.

"ఏమ్మే, మీ అన్న నా ముందర గొంతు తగ్గించి మాట్లాడతాండాడు. పెళ్ళయి ఇరవై మూడేళ్ళయింది, ఆ మనిషి గొంతు తగ్గింది నేను ఎప్పుడన్నా చూసినానా? క్యాన్సరే కదా?"

నాకు నోట మాట రాలేదు. "సరే పెట్టేయ్, మిషన్ మీద జాకెట్ ఉండాది" అని ఆమే పెట్టేసింది.

చాలా రోజుల తర్వాత చెప్పింది, తనకి రెండో రోజే అనుమానం వచ్చిందని, కానీ తెలిసిందని బయటపడితే అన్న ఏమైపోతాడో అని తనూ ఏమీ తెలీనట్టు నటిస్తా వచ్చిందని. ఆమె కోసం మేం, మా కోసం ఆమె, ఇంటిల్లిపాదీ ఎనిమిది రోజులు నాటకం. ఆ ఎనిమిది రాత్రులూ ఆమె ఒక్కతే భయపడింది. అది గుర్తొస్తే ఇప్పటికీ నాకు కడుపులో దేవినట్టు ఉంటుంది.

మా చిత్తూరోళ్ళకి పెద్ద జబ్బు అంటే రాయవేలూరే. ముప్పై ఐదు కిలోమీటర్లు, బస్సెక్కితే గంట, మా తాతల కాలం నుంచీ అక్కడి సీఎంసీ ఆసుపత్రే. అది కాదంటే మద్రాసు, అడయారులో ముత్తులక్ష్మి రెడ్డి గారు 1954లో పెట్టిన క్యాన్సర్ ఆసుపత్రి. తిరుపతిలో స్విమ్స్ ఎప్పటినుంచో ఉంది, 2022లో అలిపిరి నుంచి జూపార్కు పోయే రోడ్డులో టాటా వాళ్ళ క్యాన్సర్ ఆసుపత్రి కూడా వచ్చింది. చుట్టాలు తలా ఒక ఊరు చెప్పారు, ఎవరు చెప్పిన ఊళ్ళో వాళ్ళకి తెలిసిన డాక్టర్ ఒకాయన ఉంటాడు. ఏది మంచి ఆసుపత్రి అనేది నేను చెప్పగలిగే విషయం కాదు. మా విషయం తేల్చింది డాక్టర్ రాసిచ్చిన కాగితం. 21 రోజులకొకసారి 4 కీమోలు, ఆ తర్వాత వారం వారం 12, ఆ తర్వాత ఆపరేషన్, ఆ తర్వాత రేడియేషన్. క్యాలెండర్ ముందర పెట్టుకుని లెక్కేస్తే మార్చిలో మొదలుపెడితే నవంబర్ దాకా. అన్ని నెలలు మనిషి పక్కన మనిషి ఉండాలి, వాంతులు చేసుకుంటూ చిత్తూరు బస్సులో డెబ్భై కిలోమీటర్లు పోయి రావడం అయ్యే పని కాదు. మా ఇంట్లో వెనక గది ఖాళీగా ఉంది. అట్లా తిరుపతి. మామూలుగా ఆడబిడ్డ పుట్టింటికి పోయి వదినని సతాయించాలి, మా ఇంట్లో అది తిరగబడింది అని మా ఆయన జోకు.

వార్త పొక్కాక ఫోన్లే ఫోన్లు. అందరూ చివర్లో ఒకటే మాట, "ఏమైనా కావాలంటే మొహమాటపడకుండా చెప్పండి". మంచి మనసుతోనే అంటారు, నేను కూడా ఎంతమందితో అని ఉంటానో. కానీ అవతలివాళ్ళకి ఆ మాటతో ఇంకో పని తగులుతుంది. ఏం కావాలో ఆలోచించాలి, అది ఎవరిని అడగొచ్చో చూడాలి, అడిగితే ఏమనుకుంటారో అని తటపటాయించాలి, అప్పటికే ఓపిక అయిపోయి ఉంటుంది. ఆ మాట అన్నవాళ్ళు ఒక నలభై మందన్నా ఉంటారు. ఒక్కరికి కూడా మేం ఫోన్ చెయ్యలేదు.

పని చేసినవాళ్ళు అడక్కుండానే చేశారు. వదినకి చీటీ స్నేహితులు నలుగురున్నారు, నెలకొకరింట్లో చేరి చీటీ పాట పాడుకుని, టిఫిన్ తిని, లోకాన్ని కడిగేసి ఇళ్ళకి పోయే బ్యాచ్. వాళ్ళలో ఒకామె వచ్చి కుట్టు గది తాళం చెవి తీసుకుంది. "నాకు కుట్టడం రాదు, తాళం తీసేది వచ్చు" అని. సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా గది తెరిచి కూర్చుని, కుట్టినవి అప్పగించి, కుట్టనివి ఇంకో టైలరమ్మకి పంపించి, ఎవరి కొలత జాకెట్ వాళ్ళకి వెతికిచ్చి, డబ్బులు బిస్కెట్ డబ్బాలో వేసింది. ఇదేం పెద్ద సాయం అనుకునేరు. క్యాన్సర్ కంటే ముందు వదినకి నిద్ర పట్టనివ్వని టెన్షన్ ఆ పదకొండు జాకెట్లే, పదకొండింటికీ ముహూర్తం తేదీలున్నాయి. ఇంకొకామె కీమో ఎక్కే రోజు సరిగ్గా మధ్యాహ్నం మూడింటికి ఫోన్ చేసేది. ఒంట్లో ఎట్లుంది అని ఒక్కసారి కూడా అడగలేదు. ఎవరి కుక్క ఎవరిని కరిచింది, ఎవరింట్లో పెళ్ళిచూపులకి వచ్చి ఉప్మా బాగాలేదన్నారు, ఇవే. చేతికి సూది ఉండగా వదిన ఇయర్‌ఫోన్ పెట్టుకుని తనలో తను నవ్వుకుంటుంటే పక్క బెడ్ వాళ్ళు నా మొహం చూసేవాళ్ళు. మార్చి నెల చీటీ పాట పాడకుండా ఆమెకే ఇచ్చేశారు, ఒక్క రూపాయి తగ్గించుకోకుండా మొత్తం. దాని గురించి ఆ నలుగురూ మళ్ళీ ఎత్తలేదు.

మా ఆయనకి వదిన చెల్లెలి వరస. ఈ జబ్బు ఆ చోట వచ్చేసరికి ఆయన ఆమె మొహం చూసి మాట్లాడ్డానికే ఇబ్బంది పడేవాడు. అందుకే కాగితాల పని తీసుకున్నాడు. అందరం ఇప్పటికీ ఆరోగ్యశ్రీ అనే పిలుస్తాం గానీ ఇప్పుడది ఎన్టీఆర్ వైద్య సేవ, దానికి కావాల్సిన అప్రూవల్ ఒక కాగితం తక్కువైతే ముందుకి కదలదు. ఒక నీలం ఫైలు కొని, రిపోర్టులన్నీ తేదీల వారీగా పంచ్ చేసి, మూడేసి జిరాక్సులు పెట్టుకుని, పొద్దున ఆరింటికే పోయి లైన్లో నిలబడేవాడు. కీమో ఖర్చు పథకంలో పోయినా ఆటోలకి, బయట రాసిన పరీక్షలకి, పండ్లకి, పాలకి అయ్యేది చేతి డబ్బే. ఆ లెక్క కూడా ఆ ఫైలు అట్ట వెనకాలే రాసేవాడు, ఎవరికీ చూపించకుండా.

మొదటి నాలుగు కీమోల్లో ఎక్కించే మందుల్లో ఒకటి ఎర్ర మందు. వార్డులో అందరూ అట్లే అంటారు, అసలు పేరు అడ్రియామైసిన్. అది ఎక్కిన రోజు సాయంత్రం బాత్రూంలోంచి వదిన కేక. మూత్రం ఎర్రగా వచ్చింది, రక్తమనుకుంది. అది మందు రంగే, ఒకట్రెండు రోజుల్లో పోతుంది. ముందే చెప్పారేమో, మా చెవికి ఎక్కలేదు. ఆ రోజుల్లో ఏ మాటా సగం కంటే ఎక్కలేదు, అందుకే డాక్టర్ దగ్గరికి ఇద్దరు పోవాలి, ఒకరు మాట్లాడ్డానికి, ఒకరు రాసుకోడానికి.

తిరగమాత వాసన పడేది కాదు. కీమో అయిన మూడు నాలుగు రోజులు మా పొయ్యి మీద ఆవాలు చిటపటలాడలేదు. నోరు ఇనుము నాకినట్టుంది అనేది, స్టీలు స్పూను తీసేసి ప్లాస్టిక్ స్పూను ఇస్తే కొంచెం నయం. రాగి జావ, పెరుగన్నం దిగేవి. మిగతా ఇంటి వాళ్ళం పెరట్లో ఎలక్ట్రిక్ స్టవ్ పెట్టుకుని దొంగల్లాగ చారు తిరగమాత వేసుకునేవాళ్ళం.

పదహారో రోజు జుట్టు రాలడం మొదలైంది. వదినది నడుము దాటిన జడ. దిండు మీద, పళ్ళెంలో, పిల్లాడి స్కూలు చొక్కా మీద. రెండు రోజులు చూసి, "తీసేయండి, రోజూ ఏరుకోలేను" అంది. బ్లేడు వద్దు, గాటు పడితే ఇన్‌ఫెక్షన్ వస్తుందని నర్సు చెప్పి ఉంది కాబట్టి ట్రిమ్మర్ కొన్నాం. ఆదివారం అన్న వచ్చాడు. మిద్దె మీద ప్లాస్టిక్ కుర్చీ వేసి, పాత చీర మెడకి చుట్టాం. ముందు జడ కత్తిరించాలి. ఇంట్లో కత్తెర కనబడక వదిన తన సంచిలోంచి తన కత్తెరే తీసిచ్చింది. ఆ కత్తెర సంగతి మా వంశంలో అందరికీ తెలుసు, దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు, దాంతో ఎవరైనా కాగితం కత్తిరిస్తే ఆ రోజు ఇంట్లో అన్నం ఉడకదు. అన్న దాన్ని పట్టుకుని అట్లే నిలబడిపోయాడు.

"ఈ ఒక్కసారికి ఏమీ అన్లే. కానీ" అంది.

జడ తెగాక దాన్ని ఎక్కడ పెట్టాలో తెలీక చేతిలోనే పట్టుకుని నా వైపు చూశాడు. నేను తీసుకుని తువ్వాల్లో చుట్టాను. బరువుగా ఉంది. తర్వాత ట్రిమ్మర్ ఆడించుకుంటూ పోయి ఎడమ చెవి వెనక ఆపేశాడు. అక్కడ ఒక పుట్టుమచ్చ. ఇరవై మూడేళ్ళ కాపురంలో ఆయన దాన్ని చూడలేదట.

"ఇక్కడ మచ్చ ఉందే నీకు."

"ఉంటే ఏమి? ఎండెక్కుతాంది, తొందరగా కానీ."

తిరుపతిలో ఒక సుఖం ఉంది. ఈ ఊళ్ళో ఆడమనిషి గుండు చూసి ఎవరూ ఆగి చూడరు. కొండ మీద కళ్యాణకట్టలో రోజూ వేలమంది తలనీలాలు ఇచ్చి దిగుతుంటే ఒక గుండుకి ఎవరు లెక్క చెబుతారు. చిత్తూరులో అయితే వీధి వీధంతా జాలి చూపులు చూసేది, ఇక్కడ ఆటో ఆయన "కొండకి పోయొచ్చినారా అమ్మా" అంటాడు, అంతే. ఒకరోజు ఆసుపత్రి నుంచి వస్తూ బస్టాండు దగ్గర టీకొట్టు ముందు దిగాం. అక్కడ ఒకామె, తనకీ గుండే, చందనం పూసుకుని ఉంది, వదినని చూసి ఆప్యాయంగా, "దర్శనానికి ఎన్ని గంటలు పట్టిందమ్మా మీకు?" అంది.

"నాకింకా కాలేదమ్మా. లైన్లోనే ఉండా" అంది వదిన.

ఆటో ఎక్కాక ఇద్దరం పగలబడి నవ్వాం. తర్వాత ఇల్లు చేరేదాకా ఎవరం ఏమీ మాట్లాడలేదు.

నేను చేసిన తప్పు ఒకటి రాయాలి. రెండో కీమో అయిన పదో రోజు రాత్రి వదినకి జ్వరం, 101. పదకొండు గంటలప్పుడు డోలో ఇచ్చి, దుప్పటి కప్పి, పొద్దున్నే పోదాంలే అని పడుకోబెట్టాను. మన ఇళ్ళల్లో జ్వరానికి చేసేది అదే కదా. మా ఆయనకి ఎందుకో మనసు ఒప్పక లేచి నీలం ఫైలు తీసి డిశ్చార్జ్ కాగితం చదివాడు. జ్వరం 100.4 దాటితే పగలైనా రాత్రైనా వెంటనే రావాలి అని అందులో రాసే ఉంది. కీమో అయిన వారం నుంచి రెండు వారాల మధ్య తెల్లకణాలు బాగా పడిపోతాయి, అప్పుడొచ్చే జ్వరం మాత్రతో తగ్గినట్టు కనబడినా లోపల ఇన్‌ఫెక్షన్ పెరుగుతూనే ఉంటుంది. రాత్రి ఒంటిగంటకి పరిగెత్తాం. నాలుగు రోజులు అడ్మిషన్, యాంటిబయాటిక్ సెలైన్లు. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆ కాగితాన్ని ఫైల్లో పెట్టింది నేనే, చదవకుండా. ఆ రాత్రి తర్వాత థర్మామీటర్ నా దిండు కిందే పడుకునేది.

నాలుగో కీమో, గంగమ్మ జాతర ఒకేసారి వచ్చాయి, మే నెలలో. జాతర వారం తిరుపతిలో ఇంట్లో కూర్చోవడమంటే ఎట్లుంటుందో ఇక్కడివాళ్ళకే తెలుస్తుంది, డప్పు చప్పుడు గోడల్లోంచి వస్తుంటుంది. గుంపులోకి పోకూడదు, ఇంటికి గుంపు రాకూడదు. అట్లాంటి రోజు పక్కింటామె చెంబు నిండా అంబలి తెచ్చింది, పైన పచ్చి ఉల్లిపాయ ముక్కలు వేసి. నేను గేటు దగ్గరే ఆపేశాను. కణాలు తక్కువున్నప్పుడు పచ్చివి, బయట పులిసినవి పెట్టకూడదన్నారు అని చెప్పాను. "అమ్మవారి అంబలి కూడా వద్దంటావా" అని ఆమె మొహం చిన్నబుచ్చుకుని పోయింది. మూడు రోజులు గోడకి అటు నుంచి పలకరింపు లేదు. నాలుగో రోజు నేనే పోయి, "అక్కా, నాకో పని చేసిపెట్టాల. సాయంత్రం అరగంట మా వదిన దగ్గర మాస్కు పెట్టుకుని కూర్చుంటే నేను కూరగాయలకి పోయొస్తా" అన్నాను. ఆ రోజు నుంచి నవంబర్ దాకా ఒక్క సాయంత్రం కూడా మానలేదు. సాయం చేద్దామని వచ్చేవాళ్ళకి మనం వద్దు అనే మాట ఒక్కటే చెప్పి పంపిస్తే ఎట్లా, చెయ్యగలిగేది ఏదో ఒకటి చేతిలో పెట్టాలి కదా, అది నాకు అప్పటిదాకా తట్టలేదు.

మా వాడు ఆ ఏడు జాతరకి ఆడవేషం కట్టాడు. చీర, నా జాకెట్, మొహమంతా పసుపు, చేతిలో వేపమండ. అత్తకి చూపించాలని వెనక కిటికీ బయట నిలబడ్డాడు. పిల్లాడి వేషం చూసి ముచ్చట పడుతుందనుకుంటే, "ఏమిరా ఆ భుజం దిగిపోయింది, పిన్ను పెట్టలేదా మీ అమ్మ" అని మంచం దిగి వచ్చి, కిటికీ ఊచల్లోంచి రెండు పిన్నీసులు అందించి, ఎక్కడ పెట్టుకోవాలో చెప్పి, వాడు పెట్టుకునేదాకా నిలబడింది. వారం తర్వాత ఆమె అంతసేపు నిలబడడం అదే మొదటిసారి.

పలకరింపులకి వచ్చేవాళ్ళ గురించి రాస్తే ఇంకో పోస్టు అవుతుంది. "మా తోడికోడలికి అచ్చం ఇట్లే అయింది, పాపం..." అని మొదలుపెట్టి మధ్యలో ఆపేసేవాళ్ళు ఒక రకం. ఏ జన్మలో ఏం చేసుకున్నామో అనేవాళ్ళు ఇంకో రకం. లక్ష్మణ ఫలం ఆకుల కషాయం వీడియో నాకు పదిహేడు మంది పంపించారు, లెక్కపెట్టాను. డాక్టరమ్మని అడిగితే కీమో నడిచేటప్పుడు ఏ ఆకూ ఏ పసరూ వద్దంది, అంతటితో సరి.

వదిన ప్రాణ స్నేహితురాలు ఒకామె ఉంది. ఒకే బడి, ఒకే ఏడాది పెళ్ళిళ్ళు. ఫిబ్రవరి నుంచి ఫోన్ లేదు, మనిషి లేదు. జూన్లో ఒకరోజు వచ్చి, వదిన చెయ్యి పట్టుకుని, "నిన్ను ఇట్ల చూళ్ళేక రాలేదే" అని ఏడ్చింది. వదినే ఆమెని ఓదార్చి, నీళ్ళిచ్చి, బస్సు టైముకి పంపించింది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. చూడలేనంత ప్రేమ ఉంటే కళ్ళు మూసుకునైనా ఫోన్ చెయ్యొచ్చు కదా. వదిన క్షమించేసింది, నేను ఇంకా క్షమించలేదు, నాకేం తొందర లేదు.

జూన్, జులై అంటే గుజ్జు ఫ్యాక్టరీలో ఊపిరాడని కాలం. అందులోనూ అది తోతాపురి ధర పడిపోయి, ఫ్యాక్టరీల ముందర కాయల ట్రాక్టర్లు రోడ్డు పొడుగునా నిలబడిపోయిన ఏడాది. అన్నకి సెలవు పుట్టే మాటే లేదు. ఆయనతో పనిచేసే ఒకాయన ప్రతి మంగళవారం రాత్రి షిఫ్ట్ తను చేసి అన్నని బస్సెక్కించేవాడు, బుధవారం కీమోకి అందేట్టు. పన్నెండు వారాలు. అన్నని ఎట్లున్నావని అడిగినవాళ్ళు తక్కువ, అందరూ "మీ ఆవిడకెట్లుంది" అనే. మా ఇంటికొచ్చిన రోజు బాత్రూంలోకి పోయి కొళాయి పూర్తిగా తిప్పేవాడు, నీళ్ళు పడే చప్పుడు తప్ప చెంబు చప్పుడు వినపడేది కాదు. మా ఆయన అది గమనించి, ఏమీ అడక్కుండా బండి మీద అలిపిరి దాకా తీసుకుపోయి, ఒక టీ తాగించి తీసుకొచ్చేవాడు. ఇద్దరూ ఏం మాట్లాడుకునేవాళ్ళో తెలీదు. ఏమీ మాట్లాడుకోలేదు అంటాడు మా ఆయన.

వారం వారం కీమోలు ఏడో ఎనిమిదో దాటాక కాళ్ళూ వేళ్ళూ తిమ్మిర్లు. సూదులతో గుచ్చినట్టు ఉందంది. ఒకరోజు మా అమ్మాయి గౌనుకి గుండీ ఊడితే కుట్టబోయి, సూదిలో దారం ఎక్కించలేకపోయింది. నాలుగుసార్లు ప్రయత్నించి పక్కన పెట్టేసింది. జుట్టు పోయిన రోజు ఏడవని మనిషి ఆ రోజు ఏడ్చింది. మా అమ్మ అప్పుడు ఇక్కడే ఉంది. మా అమ్మకీ వదినకీ పడదని చుట్టాలందరికీ తెలుసు, ఇరవై ఏళ్ళుగా చారులో ఉప్పు దగ్గర నుంచి అన్నింటికీ తగువే. ఆ రాత్రి అమ్మ నువ్వుల నూనె గోరువెచ్చగా చేసుకొచ్చి మంచం కాళ్ళ వైపు కూర్చుని వదిన పాదాలు ఒళ్ళోకి లాక్కుంది. వదిన వెనక్కి లాక్కుంటూ, "అత్తా, వద్దు, నాకు పాపం తగుల్తుంది" అంది.

"ఇన్నేళ్ళు నా నోట మాటలు పడినావు కదా, ఆ పాపం నాకుండాది, ముందు అది తీరనీ" అని మా అమ్మ నూనె రాస్తూనే ఉంది.

మరుసటి రోజు పొద్దున జావలో ఉప్పు లేదని ఇద్దరూ మళ్ళీ మొదలు. నాకు ఆ అరుపులు వింటుంటే ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

సెప్టెంబర్లో ఆపరేషన్. ఎడమ రొమ్ము పూర్తిగా, చంకలో గ్రంథులతో సహా తీసేశారు. పక్కన ఒక సన్నటి గొట్టం, దానికి డబ్బా, అందులోకి ఎర్రటి నీరు దిగుతుంటుంది. రోజూ ఒకే టైముకి దాన్ని కొలిచి పారబోసి రాసిపెట్టాలి, వరసగా 30 మిల్లీలీటర్ల లోపు వస్తే తీసేస్తామన్నారు. ఆ పని వదిన కూతురు తీసుకుంది, పంతొమ్మిదేళ్ళ పిల్ల, ఇంజినీరింగ్ చదువుతోంది, అంతకు ముందు బొద్దింకని చూసి మంచమెక్కేది. గ్లవ్స్ వేసుకుని, కొలత గ్లాసు వెలుతురుకి పట్టుకుని చూసి, నోట్సులో గీతలు కొట్టి రాసేది. 110. 95. 90. 60. 62 వచ్చిన రోజు మొహం మాడ్చుకుంది, పెరిగిందని. "నీ ఎంసెట్ ర్యాంకు కంటే ఇదే నయం మే, దిగతా ఉండాది" అని వదిన నవ్వించబోయి, నవ్వితే కుట్లు లాగి, మూలిగింది. పన్నెండో రోజుకి 26, ఆ మర్నాడు 22.

ఆ పిల్లకి ఇంకో భయం ఉందని నాకు ఆలస్యంగా తెలిసింది, తనకి కూడా వస్తుందా అని. డాక్టరమ్మే పిలిచి కూర్చోబెట్టి చెప్పింది, వంశపారంపర్యంగా వచ్చేవి సుమారు పదిలో ఒకటికి మించవని, అయినా జాగ్రత్తగా ఎప్పటినుంచి పరీక్షలు చేయించుకోవాలో తనే రాసిస్తానని. నేను కూడా ఆ నెల్లోనే మామోగ్రామ్ చేయించుకున్నా. చల్లటి పలకల మధ్య నొక్కుతారు, ఒక నిమిషం ఇబ్బంది, అంతే. స్విమ్స్ వాళ్ళ పింక్ బస్సు పల్లెలకే వచ్చి ఈ పరీక్ష చేస్తుంది, మీ ఊరికి వస్తే ఎగ్గొట్టకండి.

ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సు ఉచితం అయింది కదా, ఆపరేషన్ అయ్యాక చీటీ బ్యాచ్ ఇద్దరిద్దరుగా వంతులేసుకుని దిగేవాళ్ళు. మెషీన్లో బట్టలు వేసి, నన్ను మధ్యాహ్నం పడుకోమని గదిలోకి తోసి తలుపు వేసేవాళ్ళు. ఆ నిద్రలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి.

రేడియేషన్ 15 రోజులు, శని ఆదివారాలు సెలవు. చర్మం నల్లబడింది, మెత్తటి నూలు బట్ట తప్ప ఏదీ పడేది కాదు. ఇప్పుడు జబ్బు మళ్ళీ రాకుండా రోజుకొక టామోక్సిఫెన్ మాత్ర, కనీసం ఐదేళ్ళు. నవంబర్ చివర్లో చిత్తూరుకి పంపించాం. నలుసంత జుట్టు వచ్చింది, రింగులు రింగులుగా, ఎప్పుడూ లేని విధంగా.

చంకలో గ్రంథులు తీశాక ఆ చెయ్యి నీరు పట్టి వాచే ప్రమాదం ఎప్పటికీ ఉంటుంది. ఆ చేతికి సూది వద్దు, బీపీ పట్టా వద్దు, బిగుతుగా గాజులు వద్దు అన్నారు. ఎడమ చెయ్యి బోసిగా ఉండడానికి వీల్లేదని మా అమ్మ, ఉండాలని నేను, పెద్ద గొడవ. కుడి చేతికే రెండు చేతుల గాజులూ వేసి అమ్మే తీర్మానం చేసింది. వ్యాయామం కూడా ఉంది, గోడకి ఎదురుగా నిలబడి వేళ్ళతో పైకి పాకించాలి. వదిన చాక్‌పీస్‌తో గోడ మీద రోజూ గీత గీస్తుంది, నిన్నటి గీత దాటిందా లేదా అని. నెలకొకసారి రెండు చేతులూ మోచేతికి పైన, కింద కొలిచి చూసుకోవాలి, రెండు సెంటీమీటర్లు మించి తేడా వస్తే చూపించాలి.

పోయిన వారం చిత్తూరు పోతే ఆ కొలత నన్ను తీయమంది. మెడలో ఉన్న టేపు తీసి నా చేతిలో పెట్టింది, ఇరవై ఏళ్ళుగా ఊరందరి భుజాలూ నడుములూ కొలిచిన టేపు, అంచు దారాలు లేచిపోయింది. నేను పట్టుకునే పద్ధతి చూసి అప్పటికే విసుక్కుంది. మోచేతికి పైన బొటనవేలితో నొక్కి పట్టి, చుట్టి, చదివాను.

"పదకొండున్నర."

"సెంటీమీటర్లా?"

"ఊ."

"పదకొండున్నర సెంటీమీటర్లు చంటిబిడ్డకుంటుంది చెయ్యి. ఇంచీల వైపు చూసినావు. తిప్పి పట్టుకో."